తలుగు ఇప్పింది మనమే

ఈ పోస్టు కొంచెం పొడుగున్నది. పొలం పని అయిపోయినంక తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కాని కడదాకా చదివి తిట్టండి.

పోయిన ఆదివారం సికింద్రాబాద్ లాలాగూడల ఉన్న మా దోస్తు ఇంటికి పోయిన. ఆయన మా ఊరోడే. మాదిగవాడల పుట్టిండు, నాతోని ఏడో తరగతి దాకా చదివిండు, తర్వాత రైల్వేల చేరి అక్కడే రిటైర్ అయిండు. వాళ్ళింట్ల తిన్న పళ్ళెం ఫొటో తీసి మన ఊరి గ్రూపుల పెట్టిన. నూడుల్స్, దాని మీద చిక్కటి పులుసుతోని పెద్దకూర.

తెల్లారి చాయ్ హోటల్ కాడ ముగ్గురు పట్టుకున్నరు. "పెద్దమనిషివి, ఇదేం తిండి?" అని ఒకాయన. "గొడ్డును సాదే చేతితోనే గొడ్డును తింటావా?" అని ఇంకొకాయన. మూడో ఆయన ఏమనలేదు, మొఖం తిప్పుకున్నడు. పేర్లు చెప్పను. కాని ఒక మాట చెప్పాలె. ఆ మొఖం తిప్పుకున్నాయన మొన్న సంక్రాంతికి ముందు తన వట్టిపోయిన బర్రెను అంగడికి తోలిండు. నేను కూడా అదే నెలల అదే అంగడికి ఒక బర్రెను తోలిన. ఇద్దరం పైసలు తెచ్చుకున్నం. ఆయన ఆ పైసలతో అప్పు కట్టిండు. నేను ఇంకో బర్రెకు బయానా ఇచ్చిన.

ఇప్పుడు మిమ్ముల నేను ఒక్కటే అడుగుత. మనం అమ్మిన ఆ బర్రెలు యాడికి పోయినయి? వాటిని కొన్న బేరగాడు ఇంటికి తీస్కపోయి గడ్డి వేస్తున్నడు అనుకుంటున్నమా? ఈత ఆగిపోయిన బర్రెకు రుమాలు కింద వేళ్ళు పట్టి పైసలు ఎందుకిచ్చిండు? మనకు తెల్వదా? తెలుసు. తెలిసీ తెల్వనట్టు ఉంటున్నం. అంగడిల పైసలు లెక్కపెట్టుకున్న చేతితోనే, అది తినేటోని మీద వేలు చూపెడుతున్నం. నా కొట్లాట ఆ వేలు మీద.

ముందు ఆ వంట సంగతి చెప్త. ఎందుకంటే మనం మాట్లాడుకోవాల్సిన లెక్కంతా ఆ గిన్నెలనే ఉన్నది.

మా దోస్తు పొద్దుగాలనే పోయి కిలోన్నర పెద్దకూర తెచ్చిండు, రెండు నల్లి బొక్కలు కలిపి. మేక మాంసం ఒక కిలో కొనే పైసలకు పెద్దకూర రెండు కిలోల పైననే వస్తది. ముక్కలు కడిగి, ఉప్పు, పసుపు, అల్లమెల్లిగడ్డ పట్టిచ్చి గంటసేపు పక్కకు పెట్టిండు. నాలుగు పెద్ద ఉల్లిగడ్డలు సన్నగ కోసి, నూనెల ఎర్రగ అయ్యేదాకా వేయించిండు. లవంగాలు, దాల్చినచెక్క, కారం, ధనియాల పొడి వేసి, ముక్కలు వేసి, నీళ్ళు వదిలి ఆ నీళ్ళు ఇగిరేదాకా కలిపిండు. తర్వాత కుక్కర్ మూత పెట్టిండు. నాలుగు విజిళ్ళకు నేను "అయిపోలేదా?" అంటే నవ్విండు. పది అయినయి. మూత తీసి చూసి, మంట తగ్గించి ఇంకో అరగంట పెట్టిండు. ఆలుగడ్డ, క్యారెట్ ముక్కలు, దంచిన మిరియాలు ఆఖర్ల వేసిండు. మిరియాలు, క్యారెట్ ఏంది అంటే, వాళ్ళ పక్కింట్ల ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ కుటుంబం ఉండేదట. వాళ్ళు చేసుకునే స్టూ చూసి ఈయన భార్య నేర్చుకున్నదట. లాలాగూడ, మెట్టుగూడ దిక్కు రైల్వేల వాళ్ళ కుటుంబాలు మస్తు ఉండేటివి. సికింద్రాబాదే 1806ల తెల్లోళ్ళ దండు కోసం పుట్టిన ఊరు, మూడో నిజాం సికందర్ జా పేరు మీద. తీరు తీరు మనుషులు వచ్చిండ్రు, వాళ్ళతోని తీరు తీరు వంటలు వచ్చినయి.

నూడుల్స్ మాత్రం మనుమరాలి గొడవ. ఆ పిల్ల అన్నం ముట్టదు, నూడుల్స్ కావాలంటది. అందుకే ప్యాకెట్ల మసాలా పారేసి, ఉత్త నూడుల్స్ ఉడకబెట్టి, నీళ్ళు వంపి, అతుక్కోకుండా చెంచ నూనె కలిపి, మీద ఆ పులుసు పోసిండు. బయట వాన పడుతున్నది. నల్లి బొక్కల రసం దిగిన పులుసు నూడుల్స్ సందులకు దిగింది. ముక్క వేలు పెడితే విడిపోయింది. కడుపుల వెచ్చగ అయింది. చెప్తే నమ్మండి, మా ఇంట్ల పెద్దకూర వండరు, నేను తినుడు అదే మొదటిసారి.

ఇంకొకటి కూడా చెప్పాలె, సిగ్గయినా. నలభై ఏండ్ల దోస్తానల నేను ఆయన ఇంట్ల కడుపునిండ అన్నం తినుడు కూడా అదే మొదటిసారి. చాయ్ తాగేటోన్ని, లేచి వచ్చేటోన్ని. ఆయన ఎన్నడూ అడగలేదు. ఈసారి కూడా నాకు వేరేగా పప్పు వండిపెట్టిండు. ఆ పప్పు గిన్నె చూసినంక నాకు మెతుకు దిగలేదు. "నాకు కూడా అదే పెట్టు" అన్న.

ఇప్పుడు ఆ పది విజిళ్ళ సంగతి. పెద్దకూరకు అంతసేపు ఎందుకు పట్టింది? ఎందుకంటే అది లేత మాంసం కాదు. మన రాష్ట్రంల 1977 నాటి చట్టం ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల చేసిండ్రు, తెలంగాణ వచ్చినంక కూడా అదే నడుస్తున్నది. దాని ప్రకారం ఆవును కోయొద్దు, ఆవు దూడను కోయొద్దు, బర్రె దుడ్డెను కూడా కోయొద్దు. మిగతా పశువు దేన్నయినా, పాలకు, పనికి, ఈతకు ఇంక అక్కరకు రాదు అని అధికారి చూసి సర్టిఫికెట్ ఇస్తేనే కోయాలె. అంటే చట్టం ప్రకారం ఆ గిన్నెలకు వచ్చేది మన దగ్గర పదేండ్లు, పన్నెండేండ్లు పాలిచ్చి ముదిరిన బర్రె. లేకుంటే పని చేసి అలిసిన దున్న. మనం పాలు పిండుకున్నంక మిగిలిందాన్ని ఆ ఇండ్లల్ల పది విజిళ్ళు పెట్టి మెత్తగ చేసుకుంటున్నరు. మనం పనికిరాదు అని తోలేసిందాన్ని వాళ్ళు పనికొచ్చేటట్టు చేస్తున్నరు. అందుల తప్పు ఎవరిది?

లెక్కకు వద్దాం. వట్టిపోయిన బర్రెను ఇంట్లనే ఉంచుకుంటే ఏమైతది? గడ్డి, ఇంత తవుడు, నీళ్ళు, కూలి. తక్కువల తక్కువ రోజుకు 100 రూపాయలు వేసుకోండి. మీకు తెలుసు, ఎండకాలం ఆ పైసలకు గడ్డి కూడా రాదు. అయినా 100 అనే అనుకుందాం. ఏడాదికి 36,500. ఈత ఆగినంక ఇంకో ఐదేండ్లు బతికితే 1,82,500. రెండు బర్రెలున్న రైతు ఈ పైసలు ఏ పాలల్లకెళ్ళి తీస్తడు? నేను అమ్మిన బర్రెకు 28 వేలు వచ్చినయి. ఆ 28 వేలు లేకపోతే ఇంకో బర్రె లేదు. ఇంకో బర్రె లేకపోతే పొద్దుగాల పాల కేంద్రానికి పోయే క్యాను లేదు. మన పాల బిల్లుల ఆ పెద్దకూర గిన్నె పైసలు కూడా ఉన్నయి. ఒప్పుకోవాలె.

"అమ్మకుండా చేయాలె" అనేటోళ్ళు ఉన్నరు. అది చేసి చూసిన రాష్ట్రం ఉన్నది. ఉత్తరప్రదేశ్‌ల ఆవునే కాదు, కోడెను, ఎద్దును కూడా కోయరాదు. 2017 తర్వాత ఆ చట్టాన్ని గట్టిగ అమలు చేసిండ్రు, బేరగాళ్ళు భయపడి కొనుడు బంద్ పెట్టిండ్రు. ఏమైంది? రైతులు రాత్రిపూట తలుగు ఇప్పి వదిలేసిండ్రు. 2019 పశుగణనల దేశం మొత్తం మీద రోడ్ల మీద తిరిగే పశువులు 50 లక్షలకు పైన తేలినయి. అందుల సుమారు 12 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌లనే. అక్కడి రైతులు చలికాలం రాత్రుల్ల గోధుమ చేను కాడ కట్టె పట్టుకొని కావలి ఉన్నరు. సర్కారు, ఆ పశువును సాదుకునేటోనికి రోజుకు 30 రూపాయలు ఇస్తమని 2019ల పథకం పెట్టింది. 30 రూపాయలకు మోపు గడ్డి వస్తదా మన దగ్గర? 2022 ఎన్నికలల్ల ప్రధానమంత్రే ఉన్నావ్ సభల ఈ పశువుల బాధకు దారి చూపుతమని చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ చేన్లమీద పడేటివి ఆవులు, ఎడ్లు. బర్రెలు కావు. ఎందుకు? అక్కడ బర్రెకు, దున్నకు కోత బంద్ లేదు. ఆఖరి దినం కూడా కొనేటోడు ఉన్నడు. కొనేటోడు ఉన్నన్ని రోజులు రైతు పశువును రోడ్డు మీద వదలడు, దానికి మేత వేస్తడు. కొనేటోడు పోయిన నాడు పూజ చేసిన చేతులే తోలేస్తయి. ఇది నా మాట కాదు, అక్కడి పొలాలు చెప్తున్న మాట.

మన దాకా కూడా వచ్చింది. 2017 మే నెలల కేంద్రం అంగళ్ళ మీద కొత్త రూల్స్ తెచ్చింది. అంగడిల పశువును కోతకు అమ్మొద్దు, కొనొద్దు అని. అందుల బర్రెలను కూడా కలిపిండ్రు. మద్రాసు హైకోర్టు ఆపింది. జులైల సుప్రీంకోర్టు ఆ స్టే దేశమంతటికీ వర్తిస్తది అన్నది. ఆ రూల్స్ నడిచి ఉంటే నా బర్రెకు 28 వేలు కాదు, 8 వేలు కూడా వచ్చేటివి కావు. దొంగచాటున కొనేటోడు అడిగిన ధరకు ఇచ్చుకోవాలె. అప్పుడు మన తరఫున మాట్లాడింది ఎవరు? మనం నోరు మూసుకున్నం. పెద్దకూర తినేటోళ్ళు, కోసేటోళ్ళు, తోలు పని చేసేటోళ్ళు కొట్లాడిండ్రు. వాళ్ళ కొట్లాట వల్ల మన అంగడి నిలబడ్డది.

"మరి భక్తి లేదా, ఎద్దును పూజించే జాతి మనది" అంటరు. ఉన్నది. ఏరువాక నాడు నేను కూడా పసుపు కుంకుమ పెడత. నా బర్రెను అమ్మిన నాడు మా ఇంటామె పొయ్యి ముట్టిచ్చలేదు. మా ఇంట్ల పశువును అమ్మితే తలుగు ఇయ్యం, ఇప్పుకొని తెచ్చుకుంటం. ఆ తలుగు ఇంకా కొట్టంల గుంజకు వేలాడుతున్నది. ప్రేమ లేక అమ్మలేదు. కాని ప్రేమ ఉన్నదని చెప్పి, ఆ ఖర్చు మాత్రం ఇంకొకడు పెట్టుకోవాలె అనుడు భక్తి కాదు.

ఇంకో పాత సంగతి. మా తాత కాలంల మోట కొట్టి పొలం పారిచ్చేటోళ్ళు. ఆ మోట బొక్కెనకు తోలు ఎవరిచ్చిండ్రు? మా దోస్తు తాతలు. చచ్చిన ఎద్దును మోసుకపోయి, తోలు తీసి, ఊనబెట్టి, కుట్టి ఇచ్చిండ్రు. ఆ బొక్కెన నీళ్ళతోని పండిన వడ్లు మనం తిన్నం. ఆ ఎద్దు మాంసం తిన్నందుకు వాళ్ళను ఊరి బయట పెట్టినం. తోలు కావాలె, మాంసం తిన్నోడు వద్దు. ఇయ్యాల పాల పైసలు కావాలె, పెద్దకూర తిన్నోడు వద్దు. మన తాతల నుంచి మన దాకా ఏం మారింది?

నేను ఎవరినీ తినుమని చెప్తలేను. తినద్దనుకుంటే తినకండి, అది మీ ఇల్లు, మీ నోరు. మా ఇంటామె తినదు, నేను కూడా మా ఇంట్ల వండమని అడగను. ఆవు విషయంల చట్టం ఏం చెప్తే అదే. దొంగతనంగ తోలకపొయ్యేటోళ్ళను, పశువులను కుక్కి కుక్కి లారీల నింపేటోళ్ళను పట్టుకోవాలె, శిక్ష పడాలె. దాంట్ల రెండో మాట లేదు.

నేను అడిగేది ఇంతే. ఒకటి, పెద్దకూర తిన్నోని మొఖం చూసి మొఖం తిప్పుకునే ముందు, మన ఆఖరి బర్రె ఎవరికి అమ్మినమో గుర్తు చేసుకోండి. రెండు, అంగడికి పోయేటప్పుడు డాక్టర్ కాయితం, రసీదు మంచిగ పెట్టుకోండి. కాయితం లేని బండిని తొవ్వల ఆపి పైసలు గుంజేటోళ్ళు ఉన్నరు, ఆ భారం తిరిగి మన ధర మీదనే పడతది. మూడు, అమ్మొద్దు అని చెప్పేటాయన ఎవరన్న వస్తే మర్యాదగ కూసోబెట్టి, చాయ్ తాపి, "అన్నా, ఈ బర్రెను నువ్వు తీస్కపో, దాని బతుకంతా మేత వెయ్యి" అనండి. తలుగు కూడా ఇయ్యండి. బర్రెను తీసుకుంటమన్న గోశాల నాకైతే ఇంతవరకు కనపడలేదు.

చాయ్ హోటల్ కాడ మొఖం తిప్పుకున్నాయనకు: బాపూ, నాకు నీ మీద కోపం లేదు. నేను కూడా నలభై ఏండ్లు అట్లనే తిప్పుకున్న. వచ్చే నెల మా దోస్తు ఊరికి వస్తున్నడు. ఈసారి మా ఇంట్లనే తింటడు, మా ఇంటామె కోడికూర చేస్తనన్నది. నువ్వు కూడా రా. ముగ్గురం ఒక్క బంతిల కూసుందాం.

ఒప్పుకోనోళ్ళు తిట్టండి, తప్పులేదు. కాని వచ్చేటప్పుడు మీ వట్టిపోయిన బర్రె లెక్క రాసుకొని రండి.

జై కిసాన్.