సమాధి రాయి మీద ఎవరి పేరు?

కిందటి నవంబరు రెండో తారీఖున సమాధుల పండగకి నందిగామ దగ్గరున్న మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. ఊరికి దూరంగా, పొలాల చివర మా పేట వాళ్ళ సమాధులు. సున్నం బకెట్లు, బంతిపూలు, కొవ్వొత్తులు, ఏడుపులు, పలకరింపులు. అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది. మామయ్యలు నల్లరాయి వేయించారు. రాయి మీద తాతయ్య పేరు ఇంటిపేరుతో సహా పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద “గారి ధర్మపత్ని” అని ఉంది. ఆ కింద చనిపోయిన తేదీ. అన్నిటికన్నా కింద “కుమారులు” అంటూ ముగ్గురు మామయ్యల పేర్లు.

రాయికయిన ఖర్చులో సగం పెట్టుకున్న మా అమ్మ పేరు లేదు. అది అలా ఉంచితే, ఆ మట్టిలో ఉన్న మనిషి పేరే లేదు. పెద్ద మామయ్యని అడిగాను. “అందరికీ తెలిసిందేగదమ్మా, రాయడమెందుకు?” అన్నాడు. అందరికీ తెలిసిన తాతయ్య పేరు మరెందుకు రాశారంటే జవాబు లేదు. “పెద్ద చదువులు చదివితే సమాధుల దగ్గర కూడా పేచీయేనా?” అని నవ్వేశాడు.

అవును, పేచీయే. ఎందుకంటే ఆ స్థలం మా పేటకి ఊరికే రాలేదు. అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు సమాధులకి వెళ్ళే దారిని పక్క పొలం ఆసామి దున్నేశాడట. మగవాళ్ళు పెద్దమనుషుల చుట్టూ తిరుగుతుంటే, ఆడవాళ్ళు శవాన్ని గట్టు మీద దించి, దారి వదిలేదాకా కదలమని సాయంత్రం దాకా కూర్చున్నారు. వాళ్ళలో మా అమ్మమ్మ ఒకతె. చంటిపిల్లగా ఉన్న మా అమ్మ ఆమె ఒళ్ళో ఉందట. ఆ దారినే అమ్మమ్మను తీసుకెళ్ళారు. దారి తెచ్చిన తరం ఆడవాళ్ళందరూ ఇప్పుడక్కడే ఉన్నారు. ఒక్కో రాయీ తుడుచుకుంటూ చదివాను. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి. తొలి తరం మగవాళ్ళకి పేర్లున్నాయి. ఆడవాళ్ళకి చుట్టరికాలున్నాయి.

“మన సంప్రదాయంలో ఆడవాళ్ళ పేర్లు రాయరు” అని మా చిన్న మామయ్య సర్దిచెప్పాడు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కనక ఏ సంప్రదాయమని వెతకడం నాకు అలవాటు. ఎక్కువ దూరం పోనక్కరలేదు. హైదరాబాద్ రోడ్డెక్కితే నందిగామ తర్వాత జగ్గయ్యపేట. అక్కడి ధనంబోడు మీద బౌద్ధస్తూపం ఉంది. స్తూపమంటే మొదట అస్థికల మీద పోసిన దిబ్బే. గౌరవనీయుల సమాధే. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించాడు. అక్కడ దొరికిన ప్రసిద్ధమైన మాంధాత శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. శిల్పాన్ని గురించి చాలామంది రాశారు. నేను మాట్లాడేది అక్కడి స్తంభాల మీది శాసనం గురించి.

ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి వెలగిరి అనే గ్రామంలో, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. అతని తండ్రి నాకచందుడూ శిల్పుల పనిశాల పెద్దే. రాజూ కాదు, భూస్వామీ కాదు, చేతిపని మీద బతికే కుటుంబం. ఆ దానాన్ని సిద్ధార్థుడు ఎలా చెప్పుకున్నాడో చూడండి. తన తల్లి నాగిలనిని ముందుంచుకుని, భార్య సముదనితో, కొడుకు మూలసిరితో, కూతురు నాకబుధనికతో, తమ్ముడు బుధినాకుడితో, అతని భార్య కనికతో, వాళ్ళ కొడుకులు నాగసిరి, చందసిరిలతో, కూతురు సిధథనికతో కలిసి చేశానన్నాడు. అతనితో కలిపి మొత్తం పది మంది కుటుంబ సభ్యులు. అందులో ఐదుగురు ఆడవాళ్ళు. ఐదుగురికీ పేర్లున్నాయి. ఆఖరికి తమ్ముడి కూతురికి కూడా. రాజును సైతం మాఢరీపుత్రుడని తల్లి వైపు నుంచే చెప్పారు.

ఇదే శాసనాన్ని మన పండితులు ఎన్ని రకాలుగా వాడుకున్నారు! రాజవంశాల కాలనిర్ణయం చేసేవారికి రాజు పేరు, సంవత్సరం సంఖ్య చాలు. కులచరిత్రలు రాసేవారు అందులోని “కమ్మకరాఠ” అన్న ఒక్క మాట దగ్గర ఆగి మురిసిపోయారు. శిల్పచరిత్రకారులకి స్తంభాల సంఖ్య కావాలి. తల్లి ముందుందన్న సంగతి మాత్రం “కుటుంబంతో కలిసి” అన్న రెండు మాటల్లో అణిగిపోయింది. రాయి మీద పదిహేడు వందల ఏళ్ళు నిలిచిన పేర్లు మన పుస్తకాల్లోకి వచ్చేసరికి చెరిగిపోయాయి. చెరిపింది ఎండా వానా కాదు, చదువుకున్నవాళ్ళే.

అలాగని బౌద్ధం నాటికి స్త్రీలు స్వేచ్ఛగా ఉన్నారని నేను చెప్పబోవడం లేదు. ఇక్కడ కూడా దాత మగవాడే. ప్రతి స్త్రీ అతని తల్లిగానో, భార్యగానో, కూతురిగానో, మరదలిగానో వచ్చింది. ఆ పనిశాలలో సముదని రాయి మోసిందా, ఉలి పట్టిందా, పనివాళ్ళకి వండిపెట్టిందా, శాసనం చెప్పదు. పుణ్యంలో వాటా పంచడానికే ఈ పేర్లన్నారు. సరే, అలాగే అనుకుందాం. కానీ వాటా ఇవ్వాలంటే పేరు చెప్పాలని వాళ్ళకి తెలుసు. మనం ఇప్పుడు ఖర్చులో వాటా తీసుకుని పేరు ఎగ్గొడుతున్నాం. ఇక నాగార్జునకొండలో అయితే స్త్రీలే స్వయంగా దాతలు. అక్కడి మహాచైత్యాన్ని నిలబెట్టింది వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి. చనిపోయిన చాంతమూలుడికి స్మారక స్తంభం వేయించింది అతని ఇంటి ఆడవాళ్ళే.

ఇప్పుడు ఊరి చరిత్ర ఎలా చెబుతాం? బేతవోలనే ఊరిని వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పట్నం చేసి తండ్రి పేరు మీద జగ్గయ్యపేట అన్నాడని. అంటే ఊరు జమీందారు తండ్రి దగ్గర మొదలవుతుంది. “తొలి” అన్న మాట మగవాళ్ళకి అంత సులువుగా దొరుకుతుంది. ఈ రెండు ఊళ్ళకి దగ్గర్లోనే ఉన్న పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ సంగతి తీసుకోండి. పేర్లు పోగొట్టుకున్న స్త్రీల జీవితాలను పోగుచేసి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది. అయినా 1910 నాటి ‘దిద్దుబాటు’నే తొలి తెలుగు కథగా మన తరగతుల్లో పాఠాలు చెప్పుకున్నాం. నేనూ చెప్పాను. ఆడవాళ్ళ పేర్లు పోగేసినామె పేరునే పక్కన పెట్టడంలో నా వంతూ ఉంది.

అందుకే ఇది మా మామయ్యల ఒక్కరి తప్పు కాదు. చదువుకోని మేనమామ రాయి మీద చేసినదీ, చదువుకున్న మనం చరిత్రలో, సాహిత్యంలో చేసినదీ ఒకే పని. ఊరు, కులం, పార్టీ, పరిశోధన, అన్నిటికీ మూలపురుషులే కావాలి. దళితుల శ్మశానం కోసం జరిగిన పోరాటాల్ని రాసుకునే చోట కూడా వినతిపత్రం మీద సంతకం పెట్టినవారి పేర్లుంటాయి గానీ, గట్టు మీద శవంతో కూర్చున్నవారివి ఉండవు. మన ఉద్యమాలు కూడా ఈ మాట తమని తాము అడగాలి.

ఈ పత్రిక చదివే రచయిత్రులూ అధ్యాపకురాళ్ళూ తమ ఊళ్ళకి వెళ్ళినప్పుడు సమాధుల మధ్య ఒక పూట తిరగండి. ఏ రాయి మీద ఎవరి పేరు లేదో రాసుకోండి. బతికున్న ముసలమ్మలని ఆ పేర్లు అడగండి. వాళ్ళు పోయాక చెప్పేవాళ్ళుండరు.

మా అమ్మ, నేను నందిగామలో రాయి చెక్కే అతనితో మాట్లాడి వచ్చాం. కొత్త రాయికి కూతుళ్ళ పేర్లు కూడా ఇచ్చాం. మామయ్యలు ఇంకా ఒప్పుకోలేదు. నవంబరు దాకా సమయముంది. ఇంత రాసీ అమ్మమ్మ పేరు ఈ వ్యాసంలో ఎక్కడా చెప్పలేదని మీరు గమనించే ఉంటారు. అది ముందు ఆమె రాయి మీదికి ఎక్కాలి. కాగితం మీదికి ఆ తర్వాత తెస్తాను.