కాలక్షేపమా?

"ఊరికే కూకుని ఏటో కుట్టుకుంటాదండి" అన్నాడు భర్త. సంతబొమ్మాళి మండలంలో ఓ ఇల్లు. ఆమె ఒళ్లో చంటిబిడ్డ బొంత. పాత చీరల మడతలు పరిచి దగ్గర దగ్గరగా కుట్లు వేస్తోంది. నా సర్వే ఫారంలో ఆమె పని దగ్గర 'ఏమీ లేదు' అని రాశాను. రాసింది నేనే, స్త్రీల హక్కుల గురించి మాట్లాడే నేనే!

2024 జాతీయ కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెట్టారు. మగవాళ్లు 88. జీడితోట పనికి వెళ్లొచ్చి, వండి వడ్డించి, గిన్నెలు తోమి, అప్పుడు పట్టిన సూది కాలక్షేపమా?

అంగడిలో దుప్పటికి ధర ఉంది. ఇంట్లో కుట్టిన బొంతకు 'తల్లిప్రేమ' అని పేరుంది. ప్రేమే, కాదనను. ప్రేమ పేరుతో శ్రమను లెక్కలోంచి చెరిపేయడమే పితృస్వామ్యం. అమెరికాలో గీస్ బెండ్ నల్లజాతి స్త్రీల బొంతలు 2002లో మ్యూజియం గోడలెక్కాయి. గోడెక్కితే కళ, ఒళ్లో ఉంటే కాలక్షేపం!

మిత్రులారా, ముందు మన ఫారాలు మారుద్దాం. భర్తను కాదు, ఆమెనే అడుగుదాం. పని అంటే పనిగానే రాద్దాం. సరదా అంటే, ఆ సరదాకు ఆమెకు తీరిక ఎంత దక్కుతోందో కూడా రాద్దాం. శ్రమకు లెక్క, సరదాకు తీరిక - రెండూ ఆమె హక్కులే.