సేవకులకూ తోడు కావాలి



అనాథ పిల్లలకు సేవ చేసే క్రైస్తవ సేవకుల గురించి గత సంచికలో మీరు వేసిన వ్యాసం చదివాను. వాళ్ల త్యాగాన్ని మెచ్చుకున్నందుకు సంతోషం. కానీ ఆ భారమంతా ఒక్కో మనిషి ఒంటరిగా మోయాలన్నట్టు రాయడం నాకు నచ్చలేదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరాన్నే చూడండి. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్-మోలర్ సారథ్యంలో 1915లో మొదలైన ఆ క్షయ ఆసుపత్రిని వేర్వేరు మిషన్లు కలిసి నిలబెట్టాయి. 

పిల్లల హోముల్లోనూ అలా భారం పంచుకోవాలి. రాత్రంతా జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన కూర్చున్న అక్కకు మర్నాడు ఎవరు సెలవిస్తారు? తిరుపతి, చిత్తూరు క్రైస్తవ సంఘాలు వంతులేసుకుని ఆమెకు విశ్రాంతి ఇవ్వాలి. అదీ సేవే.

ఇంకో మాట. హోముల్లో ఉండేవాళ్లంతా అనాథలు కారు. తల్లి ఉండీ, పేదరికంవల్ల చేరినవాళ్లూ ఉంటారు. అర్హులైన అలాంటి పిల్లలు ఇంటికి వచ్చి తల్లి దగ్గర పెరిగితే, మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయలు వస్తాయి. ఆ తల్లి దరఖాస్తు నింపడానికి, ఆఫీసుకు తోడు వెళ్లడానికి మన సంఘాల యువత ముందుకు రావాలని కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, చిత్తూరు