గేములో మునిమాపు ఎన్ని సెకన్లకి?

పిల్లలూ, విలాజియో మాల్‌కి వెళ్ళినప్పుడు దగ్గర్లోనే కనిపించే ఆస్పైర్ టవర్ చూశారు కదా, మనమంతా టార్చ్ అని పిలిచేది? 2006 ఆసియా క్రీడలప్పుడు జ్యోతి కోసం వాడిన 300 మీటర్ల కట్టడం. చీకటి పడితే దాని ఒంటి మీద రంగులు మారుతుంటాయి. టవర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మారేది పైన కనిపించే బొమ్మే. వీడియో గేముల్లో వస్తువు మీద అతికించే ఇలాంటి బొమ్మని టెక్స్చర్ అంటారు.

మా బిల్డింగులో ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఈ వేసవిలో సొంతంగా గేము మొదలుపెట్టాడు. వాడింది గోడాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఆట మొదలవ్వకముందు కార్నిష్‌లో సాయంత్రం కనిపించాలట. మూడో సెకనుకి ఆకాశం ఎర్రబడాలి, ఐదో సెకనుకి వెస్ట్ బే భవనాల కిటికీల్లో దీపాలు వెలగాలి, ఎనిమిదికి గేము పేరు రావాలి. భవనాలకి పగటి బొమ్మ ఒకటి, రాత్రి బొమ్మ ఒకటి గీశాడు. చక్కగా గీశాడు కూడా.

వాళ్ళింట్లో బ్రహ్మాండంగా నడిచింది. స్నేహితుడి గేమింగ్ కంప్యూటర్‌లో పెడితే సంగీతం సగం కూడా అవకముందే పేరు వచ్చేసింది. “అంకుల్, వాడింట్లో మగ్రిబ్ ముందే అయిపోతోంది!” అంటూ పరిగెత్తుకొచ్చాడు.

కారణం చిన్నదే. తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నోసార్లు కొత్తగా గీయబడుతుంది. ఒక్కో గీతని ఫ్రేమ్ అంటారు. వీడు “180 ఫ్రేములు లెక్కపెట్టి ఆకాశం మార్చు” అని రాశాడు. సెకనుకి 60 ఫ్రేములు చూపే తెర మీద అది మూడు సెకన్లు. స్నేహితుడి తెర 144 చూపిస్తుంది, అక్కడ అదే 180 ఫ్రేములకి ఒకటింపావు సెకను! 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్‌లోనూ ఇలాంటిదే జరిగింది. శత్రువులు తగ్గేకొద్దీ గీయాల్సిన పని తగ్గి, మిగిలినవాళ్ళు వేగం అందుకునేవారు. అక్కడది ఆటకి అందమైంది. మన కార్నిష్‌కి కాదు.

మందు ఏమిటంటే, ఫ్రేములు కాదు, కాలం లెక్కపెట్టాలి. కిందటి ఫ్రేమ్ తర్వాత ఎంతసేపైందో గేమే ప్రతిసారీ చెబుతుంది. దాని పేరు డెల్టా. మన నాన్నలు నెలనెలా పంపే డబ్బు నానమ్మ డబ్బాలో పోగేసినట్టు, ఆ ముక్కలన్నీ ఒకచోట కూడాలి. మొత్తం మూడు దాటగానే ఆకాశం మార్చాలి. “దాటగానే” అన్నాను, గమనించండి. “సరిగ్గా మూడు అయినప్పుడు” అని రాస్తే ఆ ముక్కల మొత్తం 2.998 నుంచి ఒక్క గెంతులో 3.005కి వెళ్ళిపోవచ్చు, ఆకాశం ఎప్పటికీ ఎర్రబడదు. ఏ మార్పు అయిపోయిందో గుర్తుపెట్టుకోవడానికి ఇంకో చిన్న అంకె ఉంచుకోండి, లేకపోతే చేసిన పనినే ప్రతి ఫ్రేమ్‌కీ చేస్తూ కూర్చుంటుంది. బొమ్మలన్నీ ముందే లోడ్ చేసుకోవడం మంచిది. స్క్రాచ్ నేర్చుకునే చిన్నవాళ్ళు అందులోని టైమర్‌తో, కాస్ట్యూమ్‌లు మారుస్తూ ఇదే చేయవచ్చు.

ఇక అమ్మానాన్నలూ, ఈ ముక్క మీరూ చదవాలి. మనవాడు గేము పేరు ఎరుపూ తెలుపూగా టపటపా మెరవాలన్నాడు. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ప్రసారమైన పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకి సుమారు 12 సార్లు మెరిశాయి. ఆ రాత్రి 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, ఎక్కువమంది పిల్లలే, కొందరికి మూర్ఛ వచ్చింది. అందుకే సెకనుకి మూడు మెరుపులు మించకూడదని వెబ్ పేజీల ప్రమాణాల్లో ఉంది. గేములకీ అదే పాటించడం మేలు.

మనవాడు 15 ఫ్రేములకోసారి రంగు మార్చాడు. వాడి తెర మీద సెకనుకి రెండే మెరుపులు, ఫరవాలేదు. 144 తెర మీద దాదాపు ఐదు! ఒకే గేము ఒక ఇంట్లో క్షేమం, పక్కింట్లో కాదు. చెప్పగానే కుర్రాడి ముఖం మారిపోయింది. మెరుపు తీసేసి, పేరు ఒక సెకనులో మెల్లగా వెలిగేలా పెట్టాడు. నిజానికి అదే బాగుంది.

ఇప్పుడు వాడి ధ్యాస పాతకాలపు ధౌ పడవ మీద పడింది. గాలికి తెరచాప ఊగడానికి ఎన్ని బొమ్మలు కావాలని అడిగాడు. ఎనిమిది చాలన్నాను. పన్నెండు గీస్తున్నాడు.