జాతి మారినా మేత మారలేదు

గోదావరి జిల్లాల్లో నాటు గేదెలను ముర్రా జాతితో సంకరపరచి మెరుగుపరిచే పని దశాబ్దాలుగా సాగుతోంది. హర్యానాలోని రోహ్‌తక్, హిస్సార్ ప్రాంతాలకు చెందిన ఈ జాతి వల్ల పాల దిగుబడి పెరిగిన మాట వాస్తవమే. అయితే దూడల పెంపకంలో మాత్రం చాలామంది రైతులు పాత పద్ధతినే పాటిస్తున్నారు.

నాటు దూడది చిన్న శరీరం. గట్ల మీద గడ్డితో ఆలస్యంగానైనా ఎదిగి గేదె అవుతుంది. ముర్రా దూడ పుట్టినప్పుడే 30 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. ఎదగవలసిన శరీరం పెద్దది కనుక దానికి మేత కూడా ఎక్కువే కావాలి. ఒట్టి బీటి మేతకు వదిలితే మేలుజాతి గుణం బయటపడదు.

అసలు లోపం బీటిలో కాదు, పాలచెంబు దగ్గరే మొదలవుతోంది. మొదటి వారాల్లో దూడకు దాని బరువులో పదోవంతు, అంటే రోజుకు సుమారు 3 లీటర్ల పాలు అవసరం. చేపు కోసం వదిలి, పాలు దిగగానే దూడను లాగి కట్టేయడం అనేక ఇళ్లలో అలవాటు. ఆ పాలకు డబ్బు వెంటనే చేతికి వస్తుంది. నష్టం మాత్రం మూడేళ్లకు గాని తెలియదు.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. పెయ్యదూడ చూడి కట్టడానికి 280 కిలోల బరువు కావాలనుకుందాం. అంటే పుట్టాక 250 కిలోలు పెరగాలి. రోజుకు అరకిలో పెరిగితే 500 రోజులు, పావుకిలో పెరిగితే 1000 రోజులు పడుతుంది. ఆ తేడా సుమారు పదహారు నెలలు. అన్నాళ్లూ ఆదాయం లేకుండా రైతు దాన్ని మేపవలసిందే.

దూడ పొట్ట గడ్డిని బాగా అరిగించుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుచేత పుట్టిన గంట రెండు గంటల్లో జున్నుపాలు, రెండో వారం నుంచి కొద్దికొద్దిగా దాణా, లేత పచ్చిగడ్డి అందించాలి. ఏలికపాములు తల్లి పాల ద్వారానే దూడకు సంక్రమిస్తాయి కనుక మొదటి నెలలోనే పశువైద్యుని సలహాపై మందు తాగించాలి.

మరోవైపు డెల్టాలో చేపల చెరువులు పెరిగి బీళ్లు తరిగాయి. యంత్రాలతో వరి కోశాక గడ్డి నలిగి చాలావరకు పొలంలోనే పోతోంది. వరి కోతల తర్వాత పిల్లిపెసర, జనుము వేసుకోగలిగిన వారికి కొంత ఊరట. సెంటు భూమి లేని పాడిరైతుకు ఆ దారీ లేదు. అటువంటివారికి దాణా, పచ్చిమేత సకాలంలో అందే ఏర్పాటు జరగాలి. లేకుంటే పెరట్లో పుట్టిన పెయ్యను పోగొట్టుకొని, అప్పు చేసి సంతలో గేదెను కొనుక్కోక తప్పదు.