సంక్రమణం తేదీకి బద్ధం కాదు

ధనుర్మాసం ముగియవచ్చేసరికి ఆలయానికి వచ్చే భక్తులు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: “అయ్యగారూ, ఈ ఏడు సంక్రాంతి పద్నాలుగా, పదిహేనా?” పదిహేను అనగానే కొందరు పంచాంగకర్తలను నిందిస్తారు. మరికొందరు సెలవు ఏనాడైతే ఆనాడే తర్పణం విడిచి తృప్తి చెందుతారు. ఈ రెండు ధోరణులకూ మూలం ఒక్కటే: తేదీనే పర్వమని భ్రమించడం.

సూర్యభగవానుడు ధనూరాశి నుండి మకరరాశిలోనికి ప్రవేశించే క్షణమే మకర సంక్రమణం. జనవరి 14 ఆ క్షణానికి మన కాలంలో దొరికిన ఒక గుర్తు మాత్రమే. స్వామి వివేకానందులు 1863 జనవరి 12న, మకర సంక్రాంతి నాడు జన్మించారు. 2024లో మనం అదే పర్వాన్ని జనవరి 15న ఆచరించాము. నక్షత్రాలను ఆధారంగా గణించే నిరయన వత్సరం, ఋతువులను అనుసరించే సాయన వత్సరం కంటె సుమారు 20 నిమిషాలు అధికం. ఆంగ్ల కాలమానం సాయనానుసారి. ఆ నిమిషాలన్నీ కూడి దాదాపు 72 సంవత్సరాలకు ఒక దినమవుతాయి. కనుక తేదీ ముందుకు జరగడం పంచాంగ దోషం కాదు, గణిత ఫలితం.

ఇది కేవలం గణితచర్చ కాదు. మకర సంక్రమణానికి ప్రవేశానంతర కాలమే పుణ్యకాలమని ధర్మశాస్త్ర సంప్రదాయం. రాత్రివేళ సంక్రమణం జరిగితే స్నాన దాన తర్పణాలు మరునాడు. సంక్రమణం జరుగకముందే విడిచిన తిలోదకం, ఇచ్చిన కూష్మాండ దానం ఆ పర్వానికి చెందినవి ఎట్లా అవుతాయి? పితృదేవతల కార్యానికి మన సెలవుల పట్టిక ప్రమాణం కాజాలదు.

“సూర్యుడు వాస్తవంగా ఉత్తరానికి మరలేది డిసెంబరు 21, 22 తేదీలలో కదా?” అని యువకులు అడుగుతారు. అది సత్యమే, దానిని దాచవలసిన పని లేదు. వేదాంగ జ్యోతిషం ధనిష్ఠాదిలో ఉత్తరాయణారంభాన్ని చెప్పింది. అయనం పూర్వం అక్కడ ఉండేదని, తన కాలంలో మకరాదిలో ఉన్నదని వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలో స్పష్టంగా వ్రాశారు. అంతటితో ఆగక, దూరపు గుర్తుతో సూర్యోదయాస్తమయ స్థానాలను, శంకుచ్ఛాయను పరిశీలించి నిర్ధారించుకొమ్మన్నారు. శాస్త్రాన్ని ఆరాధించి ఆకాశాన్ని చూడకపోవడం ఆ ఆచార్యునికి సమ్మతం కాదు.

అయితే పర్వాన్ని డిసెంబరుకు మార్చాలన్న వాదాన్ని నేను అంగీకరించను. అయనారంభం వేరు, రాశి సంక్రమణం వేరు. ఒకప్పుడు రెండూ కలిసి వచ్చాయి, నేడు విడివడ్డాయి. సంక్రమణ విధులు నిరయన మకర ప్రవేశాన్ని ఆశ్రయించి తరతరాలుగా వస్తున్నాయి. వాటిని యథావిధిగా ఆచరిద్దాం. భేదాన్ని మాత్రం పిల్లలకు దాపరికం లేకుండా చెబుదాం.

డిసెంబరు మూడవ వారం నుండి మీ ముంగిట ఒక శంకువును నిలిపి, మధ్యాహ్నపు నీడ కొనను ప్రతిదినం గుర్తించమని మీ పిల్లలకు చెప్పండి. నీడ పెరిగి, నిలిచి, తరుగుతుంది. ఆ తరుగుదలే ఉత్తరాయణం. పిదప పంచాంగం తెరిచి సంక్రమణ ఘడియలు చూపించండి.

మన సంకల్పంలో సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం చెప్పుకుంటాము. సూర్యచంద్రుల స్థితిని స్మరించి, ఆ కాలంలో మనం ఎక్కడ నిలిచామో తెలుసుకొని కర్మను ఆరంభిస్తాము. ఆ ఎరుక లేని సంకల్పం శబ్దమాత్రంగా మిగులుతుంది.

స్వస్తి.