డబ్బులిచ్చి చేయించుకున్న వెబ్‌సైట్.. అసలు ఓనర్ ఎవరు? కాపీరైట్ చట్టంలో ఏముందంటే..

ఫ్రీలాన్స్ డిజైనర్‌తో వెబ్‌సైట్ చేయించుకోవడం చిన్న షాపులకు కూడా మామూలైపోయింది. వాట్సాప్‌లో మాట్లాడుకుంటారు, యూపీఐలో అడ్వాన్స్ వేస్తారు, కొద్ది రోజుల్లో సైట్ లైవ్. అసలు గొడవ తర్వాతే మొదలవుతుంది. డిజైనర్‌ను మార్చాలన్నా, వ్యాపారాన్ని ఇంకొకరికి అమ్మాలన్నా ఒకటే ప్రశ్న.. ఈ సైట్ ఎవరిది? ‘డబ్బులు మావి, కాబట్టి సైట్ మాదే’ అంటారు క్లయింట్లు. చట్టం మాత్రం అంత సింపుల్‌గా చెప్పడం లేదు.

చేసినవాళ్లదే తొలి హక్కు

1957 కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటర్ కోడ్ కూడా కథ, వ్యాసం లాగే ‘సాహిత్య రచన’. లోగోలు, గ్రాఫిక్స్ కళాకృతుల కిందకు వస్తాయి. సెక్షన్ 17 ప్రకారం వీటిని తయారు చేసిన వ్యక్తే తొలి యజమాని. అయితే ముఖ్యమైన మినహాయింపులు ఉన్నాయి. ఉద్యోగి తన డ్యూటీలో భాగంగా చేస్తే హక్కు కంపెనీది. డబ్బులిచ్చి ఫొటోలు తీయిస్తే హక్కు తీయించినవాళ్లది. వేరే ఒప్పందం లేకపోతేనే ఈ రూల్స్ వర్తిస్తాయి.

ఫ్రీలాన్సర్ రాసిన కోడ్ ఈ మినహాయింపుల్లో లేదు. అంటే ఒకే పేజీలో ఫొటో షాపు ఓనర్‌ది, దాని వెనకున్న కోడ్ డిజైనర్‌ది అయ్యే పరిస్థితి! పేమెంట్ తీసుకున్నాక ‘సైట్ వాడొద్దు’ అని డిజైనర్ అడ్డుపడటం కష్టమే. కానీ వాడుకునే అనుమతి వేరు, యాజమాన్యం వేరు.

ఐదేళ్ల మెలిక

హక్కులు పూర్తిగా చేతులు మారాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉండాలి. దానిపై హక్కు ఇచ్చేవాళ్ల సంతకం తప్పనిసరి. బిల్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్ సరిపోవు. ఇంకో మెలిక ఏంటంటే, ఒప్పందంలో గడువు రాయకపోతే హక్కు 5 ఏళ్లకే పరిమితం. ఏ ప్రాంతానికి అన్నది రాయకపోతే భారత్ వరకే వర్తిస్తుంది. అమెరికాలోని క్లయింట్లకు పనిచేసే హైదరాబాద్, విజయవాడ ఫ్రీలాన్సర్లు ఈ లైన్ కచ్చితంగా చూసుకోవాలి.

తనది కానిది ఇవ్వలేరు

డిజైనర్ సంతకం చేసినా, గూగుల్‌లో దొరికిన ఫొటో క్లయింట్ సొంతం కాదు. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫొటో మీద వాటర్‌మార్క్ కూడా అక్కర్లేదు. కింద ‘క్రెడిట్స్’ అని రాసినంత మాత్రాన పర్మిషన్ వచ్చినట్టు కాదు. తెలిసీ ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉంది. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ, నాన్ బెయిలబుల్ నేరమని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఫాంట్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. అయితే తెలుగు సైట్లకు ఒక ఊరట ఉంది. సిలికానాంధ్ర అందుబాటులోకి తెచ్చిన మండలి, రామభద్ర, గురజాడ లాంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్స్‌లో ఉన్నాయి. వ్యాపార సైట్లలోనూ ఫ్రీగా వాడుకోవచ్చు. ఫాంట్‌ను విడిగా అమ్మడం మాత్రం కుదరదు.

కాగితం మీద ఏముండాలి?

* కోడ్, డిజైన్ హక్కులు ఎవరికి, ఎంతకాలం, ఏ దేశాల్లో
* హక్కులు ఎప్పుడు మారతాయి. ‘పూర్తి పేమెంట్ అందాకే’ అని రాసుకుంటే డిజైనర్‌కు రక్షణ
* ఫొటోలు, ఫాంట్లు, థీమ్‌లు ఎక్కడివి, వాటి లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది
* పాత కోడ్‌ను డిజైనర్ వేరే ప్రాజెక్టుల్లో వాడుకోవచ్చా, లేదా

ఇదంతా రాయడానికి ఒక్క పేజీ చాలు. అది లేకపోతే డబ్బులిచ్చిన షాపు ఓనర్‌కు సైట్ పూర్తిగా దక్కదు. పని చేసిన డిజైనర్‌కు బాకీ వసూలు చేసుకునే పట్టూ ఉండదు. అడ్వాన్స్ వేసే ముందే ఆ పేజీ మీద సంతకాలు చేసుకోవడం ఇద్దరికీ మంచిది.